బెంగళూరుకు కొత్తగా వచ్చారా? ఆధార్ జిరాక్స్ నుంచి పెళ్లి బయోడేటా దాకా మీ వివరాలు కాపాడుకునే దారి

కర్నూలు నుంచో, చిత్తూరు నుంచో, ఖమ్మం నుంచో వచ్చి మడివాలలో బస్సు దిగిన పిల్లలు మొదటి వారంలోనే ఎన్ని చోట్ల తమ వివరాలు ఇచ్చేస్తారో చూడండి. పీజీ మేనేజరు వాట్సాప్‌కి ఆధార్ రెండు వైపులా ఫొటో తీసి పంపుతారు. మారతహళ్లి కోచింగ్ సెంటర్లో అప్లికేషన్ నింపుతారు. కన్సల్టెన్సీకి రెజ్యూమె, పాన్, మార్కుల మెమోలు మెయిల్ చేస్తారు. ఆఫీసు గేటు దగ్గర రిజిస్టర్లో పేరు, నంబరు రాస్తారు. సూపర్ మార్కెట్ బిల్లు కౌంటర్లో మళ్లీ నంబరు చెబుతారు. ఇందులో ఎక్కడా హ్యాకర్ లేడు. అన్నీ మనం మన చేత్తో, అడగ్గానే ఇచ్చినవే.

అందుకే ఈ మార్గదర్శిని పాస్‌వర్డ్‌లతో కాకుండా చేత్తో ఇచ్చే కాగితాలతో మొదలుపెడుతున్నాను. మొత్తం పద్ధతికి పునాది ఒక్కటే: అడిగినవాళ్ల పనికి ఎంత కావాలో అంతే ఇవ్వాలి. మీరెవరో పీజీ ఓనరుకు తెలియాలి, నిజమే. దానికి మీ పన్నెండంకెల నంబరు ఆయన ఫోన్ గ్యాలరీలో ఏళ్ల తరబడి పడి ఉండాల్సిన పని లేదు.

మొదటి అడుగు: ఆధార్

ఫోన్ బ్రౌజర్లో ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ వారి మైఆధార్ పోర్టల్ తెరిచి, ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అవ్వండి. డౌన్‌లోడ్ ఆధార్ నొక్కితే మాస్క్‌డ్ ఆధార్ కావాలా అని అడిగే గడి కనిపిస్తుంది. అక్కడ టిక్ పెట్టండి. వచ్చే పీడీఎఫ్‌లో మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. గది అద్దెకు, లాడ్జికి, కోచింగ్ సెంటర్‌కి ఇదే ఇవ్వండి.

ఆ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యపడొద్దు. మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దవిగా, వాటి వెంట పుట్టిన సంవత్సరం, అంతే ఆ పాస్‌వర్డ్. మీ పేరు, పుట్టిన ఏడు తెలిసినవాళ్లెవరైనా దాన్ని తెరవగలరు. కాబట్టి మాస్క్ చేయని ఫైల్‌ని ఎవరికీ పంపకండి, పాస్‌వర్డ్ చెప్పకపోయినా సరే.

కాగితం మీద ఇవ్వాల్సి వస్తే జిరాక్స్ మీద అడ్డంగా రాయండి: ఏ పీజీ, ఏ పని కోసం, ఏ తేదీ. ఉదాహరణకు "బీటీఎం లేఅవుట్ ఫలానా పీజీలో గది కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. పక్కన ఖాళీ జాగాలో రాస్తే ఆ భాగం కత్తిరించి మళ్లీ జిరాక్స్ తీయొచ్చు. కాబట్టి మీ రాత ఫొటో అంచును తాకుతూ అడ్రసు మీదుగా వెళ్లాలి. అక్షరాలు చదవడానికి వీలుగా ఉంటే చాలు, అందంగా ఉండనక్కర్లేదు.

జిరాక్స్ షాపు దగ్గర ఇంకో సంగతి. ప్రింటు కోసం షాపు వాట్సాప్‌కి ఫైల్ పంపుతాం, వాళ్లు కంప్యూటర్లో తెరుస్తారు, ఫైల్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో చేరిపోతుంది. కౌంటర్ ఇవతలి నుంచి తొంగి చూసినా ఆ ఫోల్డర్లో ఎవరెవరివో పాన్ కార్డులు, పాస్‌బుక్కులు వరసగా కనిపిస్తాయి. ప్రింటు చేతికి రాగానే చాట్‌లో 'అందరికీ డిలీట్' కొట్టండి. అంతటితో సరిపోదు, కంప్యూటర్లో దిగిన కాపీ అలాగే ఉంటుంది. "అన్నా, అది డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి తీసేయండి" అని అక్కడే నిలబడి అడగండి. చాలామంది మాట్లాడకుండా తీసేస్తారు.

మాస్క్‌డ్ కాపీ చెల్లదని మేనేజరు అంటే, అది యూఐడీఏఐ ఇచ్చినదేనని, దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసుకోవచ్చని చెప్పండి. అయినా వినకపోతే డ్రైవింగ్ లైసెన్సో, ఓటరు కార్డో ఇవ్వండి. ఇక్కడ చాలా పీజీలు తెలుగువాళ్లే నడుపుతున్నారు, మనకు మొహమాటం వచ్చేది కూడా అక్కడే. మన పక్క ఊరాయనే కదా, అడిగితే ఏమనుకుంటాడో అనిపిస్తుంది. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆయన ఫోన్ పోయినా, ఆరు నెలలకు మేనేజరు మారినా మీ కాపీ ఎవరి చేతిలో పడుతుందో ఆయనకే తెలియదు. అడగడం మీ హక్కు. ఆ హక్కు కోసం 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లినాయన ఈ ఊరివాడే, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఆయన కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

ఆధార్ పని ముగించే ముందు అదే పోర్టల్లో బయోమెట్రిక్ లాక్ వేయండి. అప్పుడు మీ వేలిముద్ర నకలు ఎవరి దగ్గరున్నా దాంతో డబ్బు తీయడం గానీ, సిమ్ తీసుకోవడం గానీ కుదరదు. మీకు అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. ఇది అతిజాగ్రత్త కాదు. 2018లో తెలంగాణలో భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఆధార్‌కి కూడా లాక్ వేసి రండి. అయితే వాళ్లు వేలిముద్ర పెట్టి పింఛనో రేషనో తీసుకుంటుంటే తెరిచే పద్ధతి నేర్పకుండా మాత్రం వేయకండి, నెల మొదట్లో వాళ్లు ఇబ్బంది పడతారు.

రెండో అడుగు: ఫోన్ నంబరు

బ్యాంకు, ఆధార్, వాట్సాప్, యూపీఐ, ఫుడ్ డెలివరీ, అన్నీ ఒకే నంబరు మీద ఉంటాయి. అది దొరికితే మిగతావి ఒకదాని వెంట ఒకటి దొరుకుతాయి. వీలైతే రెండో సిమ్ తీసుకోండి. బ్యాంకుకూ ఆధార్‌కూ ఉన్న నంబరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పకుండా, ఓఎల్ఎక్స్, ఇళ్ల వెతుకులాట, జాబ్ సైట్లు, ఇన్‌స్టిట్యూట్ ఎంక్వయిరీలు అన్నీ రెండోదాని మీద నడపండి. రీచార్జి ఖర్చు కొంత ఉంటుంది. మొదటి జీతం వచ్చాక పెట్టాల్సిన ఖర్చుల్లో దీన్ని ముందు వరసలో పెడతాను నేను.

షాపుల్లో బిల్లు వేయడానికి నంబరు ఇచ్చి తీరాలని ఎవరైనా అంటే ఇవ్వనక్కర్లేదు. కొనుగోలుకు ఫోన్ నంబరు తప్పనిసరి చేయొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు సూచించింది. "నంబరు వద్దండీ, బిల్లు ప్రింటు ఇవ్వండి" అంటే చాలు.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ తెరిచి ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్ 'నా కాంటాక్ట్స్'కి మార్చండి. గ్రూపుల్లో ఎవరు చేర్చగలరన్న చోట కూడా అదే పెట్టండి, లేకపోతే ఎవరో ఒకరు మిమ్మల్ని ట్రేడింగ్ గ్రూపులో పడేస్తారు. ఉద్యోగ సమాచారం కోసం టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరినవాళ్లు అక్కడ నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టుకోండి. వేల మంది ఉండే గ్రూపులవి.

యూపీఐ ఐడీ చాలామందికి ఫోన్ నంబరుతోనే మొదలవుతుంది. యాప్ ప్రొఫైల్లోకి వెళ్లి నంబరు లేని ఐడీ ఒకటి చేసుకుని కొత్తవాళ్లకు అదే ఇవ్వండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడటానికి కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్ ఉంది. నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరుతో ఉన్న కనెక్షన్ల జాబితా వస్తుంది. మీది కానిది కనిపిస్తే అక్కడే 'నాది కాదు' అని రిపోర్టు చేయొచ్చు. పీజీకి, కన్సల్టెన్సీకి పూర్తి ఆధార్ ఎప్పుడో ఇచ్చేసినవాళ్లు ఇది చదవడం ఆపి ముందు ఆ జాబితా చూసుకోండి. ఫోన్ పోయినప్పుడు హ్యాండ్‌సెట్‌ను బ్లాక్ చేయించడానికీ ఇదే పోర్టల్.

మూడో అడుగు: యాప్‌లకు ఇచ్చిన అనుమతులు

నెలాఖరుకు అద్దె కట్టడానికి ఐదు వేలు తక్కువ పడ్డాయి. స్నేహితుల్ని అడగాలంటే నామోషీ. ఐదు నిమిషాల్లో లోన్ అని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన వచ్చింది. యాప్ దించగానే కాంటాక్ట్స్, ఫొటోలు చూసే అనుమతి అడుగుతుంది. ఇచ్చిన క్షణమే మీ అమ్మ నంబరు, మేనమామ నంబరు, టీమ్ లీడ్ నంబరు, ఇంటర్‌లో పాఠాలు చెప్పిన లెక్చరర్ నంబరు వాళ్ల చేతికి వెళ్లిపోతాయి. వాయిదా ఆలస్యమైతే మీ ముఖాన్ని మార్ఫింగ్ చేసిన ఫొటో ఆ నంబర్లన్నిటికీ పంపుతామని బెదిరిస్తారు. పంపిన సందర్భాలూ ఉన్నాయి. ఈ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతున్నాను.

రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో మొదట ఇచ్చి, 2025లో కొత్త ఆదేశాల్లోనూ కొనసాగించిన డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం లోన్ యాప్ మీ ఫోన్లోని కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫైళ్లు, ఫొటోలు ముట్టుకోకూడదు. కేవైసీ, అంటే మీరెవరో నిర్ధారించుకోవడం కోసం కెమెరా, మైక్, లొకేషన్ ఒక్కసారి, అదీ మీరు ఒప్పుకుంటేనే. అంటే కాంటాక్ట్స్ అడిగిన లోన్ యాప్‌ను ఆ ఒక్క కారణంతోనే తీసేయొచ్చు, ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకు కాని రుణ సంస్థలు) తమ తరఫున రుణాలిచ్చే యాప్‌ల వివరాలు ఆర్‌బీఐకి ఇస్తాయి. ఆ జాబితా 2025 జులై నుంచి ఆర్‌బీఐ వెబ్‌సైట్లో ఉంది. అందులో పేరు చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు యాప్ తీసేసి ఊరుకోకండి, చివరి అడుగు చదవండి.

ఇక ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, ప్రైవసీ, పర్మిషన్ మేనేజర్ తెరవండి. కొన్ని ఫోన్లలో పేర్లు కాస్త మారతాయి, సెట్టింగ్స్‌లో 'పర్మిషన్' అని వెతికితే దొరుకుతుంది. యాప్ వారీగా చూస్తే పొద్దు పోతుంది, అనుమతి వారీగా చూడండి. ముందు ఎస్ఎంఎస్: ఓటీపీలు వచ్చే చోటు అది. మెసేజ్‌ల యాప్, బ్యాంకు, యూపీఐ యాప్‌లు తప్ప అక్కడ ఎవరున్నా తీసేయండి. తర్వాత కాంటాక్ట్స్, మైక్రోఫోన్. లొకేషన్ దగ్గర క్యాబ్‌కీ మ్యాప్‌కీ 'వాడుతున్నప్పుడు మాత్రమే' పెడితే చాలు, వాతావరణం చెప్పే యాప్‌కి కచ్చితమైన లొకేషన్ దేనికి? 'సుమారు' అన్న చోట వదిలేయండి. చివరగా యాక్సెసిబిలిటీ అన్న విభాగం. మీకు తెలియని యాప్ అక్కడ ఆన్‌లో ఉంటే మీ స్క్రీన్ మీద కనిపించేదంతా అది చదవగలదు, మీ బదులు నొక్కగలదు కూడా. కొత్త ఐఫోన్లలోనైతే సేఫ్టీ చెక్ అనే చోట ఎవరికి ఏం కనిపిస్తుందో అంతా ఒకేసారి చూసుకోవచ్చు.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్లో యాప్ వేసే ఫైళ్లు, ఎవరు పంపినా తెరవొద్దు. పెళ్లి పత్రిక, ఆర్టీవో చలానా, బ్యాంకు కేవైసీ, ఇలాంటి పేర్లతో వస్తాయి. పెళ్లి పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది తప్ప దానికోసం యాప్ వేసుకోవాల్సిన పని ఉండదు. బాబాయి నంబరు నుంచి వచ్చినా సరే, ఆయన ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండొచ్చు. ఆయనకు మామూలు కాల్ చేసి అడగండి.

నాలుగో అడుగు: తాళాలు

ఇది అందరూ చెప్పేదే కాబట్టి త్వరగా ముగిస్తాను. అన్నిటికంటే ముందు ఈమెయిల్. మిగతా అన్ని పాస్‌వర్డ్‌లూ అక్కడి నుంచే రీసెట్ అవుతాయి కాబట్టి దానికి మరెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ ఉండాలి. మిగతావాటికి బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆరంకెల పిన్ పెట్టండి, లింక్‌డ్ డివైజెస్‌లో తెలియని కంప్యూటర్ ఉంటే లాగవుట్ చేయండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ వివరాలు కనిపించకుండా ఆపేయండి, షేరింగ్ గదిలో ఛార్జింగ్ పెట్టిన ఫోన్ మీద ఓటీపీ ఎవరికైనా కనిపిస్తుంది. కొరియర్ వాళ్లమంటూ స్టార్‌తో మొదలయ్యే నంబరేదో డయల్ చేయమంటే చేయకండి, దాంతో మీ కాల్స్ వాళ్లకు మళ్లిపోతాయి. ఇప్పటికే చేసి ఉంటే ##002# డయల్ చేసి ఫార్వర్డింగ్ అంతా రద్దు చేయండి.

ఐదో అడుగు: ఫొటోలు, స్టోరీలు

ఉద్యోగంలో చేరిన రోజు ఐడీ కార్డు మెడలో వేసుకుని ఫొటో పెట్టాలని అందరికీ ఉంటుంది. పెట్టుకోండి, ఆ సంతోషం మీరు సంపాదించుకున్నదే. కార్డును మాత్రం తిప్పి వేసుకోండి. దాని మీద పేరు, ఎంప్లాయీ నంబరు, కొన్నిసార్లు బ్లడ్ గ్రూపు, బార్‌కోడ్ ఉంటాయి. సంక్రాంతికి ఊరెళ్తున్నామని ట్రైన్ టికెట్ ఫొటో పెట్టేవాళ్లు పీఎన్ఆర్, కోచ్, సీటు కనిపించకుండా చూసుకోండి. ఒంటరిగా వెళ్లే అమ్మాయిలైతే ఆ ఫొటో ఇల్లు చేరాకే పెట్టడం మేలు. లైవ్‌లో కాకుండా చోటు వదిలాక పోస్ట్ చేయడం నా దృష్టిలో సెట్టింగులన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

గీతలు గీసి నంబరు దాచేటప్పుడు హైలైటర్ లాంటి బ్రష్ వాడకండి. వెలుతురు పెంచితే కింది అంకెలు బయటపడతాయి. దాచాల్సిన భాగాన్ని క్రాప్ చేసెయ్యండి, లేదా గట్టి నల్ల పెట్టె పెట్టండి. అసలు ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు, సమయం కూడా వెంట వెళ్లొచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేస్తే ఆ బెడద ఉండదు.

ఆరో అడుగు: రెజ్యూమె, పెళ్లి బయోడేటా

రెజ్యూమెలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్టు నంబరు, ఇంటి నంబరుతో సహా అడ్రసు రాయడం మన కాలేజీలు నేర్పిన పాత అలవాటు. ఇవేవీ ఇంటర్వ్యూకి అక్కర్లేదు. పేరు, రెండో నంబరు, ఉద్యోగాల కోసమే పెట్టుకున్న ఈమెయిల్, "బీటీఎం లేఅవుట్, బెంగళూరు", అంతే. పాన్, ఆధార్, పాత పేస్లిప్పులు ఆఫర్ లెటర్ వచ్చాక, కంపెనీ సొంత మెయిల్ నుంచి అడిగితేనే. ఒరిజినల్ సర్టిఫికెట్లు కన్సల్టెన్సీ దగ్గర వదిలి రావొద్దు. డబ్బు అడిగితే అక్కడితో ఆ మాట ముగిసినట్టే.

పెళ్లి బయోడేటా అంతకంటే పెద్ద విషయం, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక్క పేజీలో ఏముంటుందో చూడండి: పూర్తి పేరు, పుట్టిన తేదీ, సమయం, ఊరు, గోత్రం, కంపెనీ పేరు, ప్యాకేజీ, తల్లిదండ్రుల పేర్లు, అన్నదమ్ములు ఎక్కడ పనిచేస్తున్నారు, ఎన్ని ఎకరాలు, హైదరాబాద్‌లో ఫ్లాటు, నాన్న నంబరు, మూడు ఫొటోలు. ఇది మధ్యవర్తి చేతికి వెళ్తుంది, అక్కడి నుంచి కులం వారీ వాట్సాప్ గ్రూపులకు, అక్కడి నుంచి ఎక్కడికో. మీ పెళ్లయ్యాక కూడా ఆ కాగితం తిరుగుతూనే ఉంటుంది. మోసం చేయాలనుకున్నవాడికి మీ ఇంటికి ఫోన్ చేసి నమ్మించడానికి ఇంతకంటే ఏం కావాలి?

దీన్ని రెండు భాగాలు చేయండి. మొదటి కాగితంలో పేరు, వయసు, చదువు, ఎలాంటి ఉద్యోగం, ఏ ఊళ్లో, కుటుంబం గురించి రెండు మాటలు, ఒకే ఫొటో. జాతకం పొంతన కోసం నక్షత్రం, పాదం, రాశి ఇస్తే మొదట చూసుకోవడానికి చాలు. తేదీ, సమయం ఇవ్వనక్కర్లేదు. కంపెనీ పేరు, జీతం, ఆస్తి, అడ్రసు రెండో కాగితంలో ఉండాలి. రెండు ఇళ్లవాళ్లూ ఫోన్లో మాట్లాడుకున్నాకే దాన్ని పంపాలి. ఫొటో మీద పేరూ తేదీ చిన్నగా వేయండి. ఇంట్లో ఒప్పించడం కష్టమే. "అందరూ ఇలాగే ఇస్తున్నారు కదమ్మా" అంటారు. వాదించకుండా రెండు కాగితాలూ మీరే తయారుచేసి అమ్మ ఫోన్లో పెట్టండి. ఏది ఎప్పుడు పంపాలో ఫైల్ పేరులోనే రాయండి, "మొదట పంపేది", "మాట్లాడాక పంపేది" అని. ఆ తేలిక చూసి వాళ్లే దానికి అలవాటు పడతారు.

ఏడో అడుగు: ఫోన్ చేతి నుంచి బయటకు వెళ్లేటప్పుడు

ఎస్‌పీ రోడ్డులోనో ఇంకెక్కడో రిపేరుకు ఇచ్చేటప్పుడు లాక్ కోడ్ అడుగుతారు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. ఆన్ చేస్తే మీ ఫొటోలు, మెసేజ్‌లు కనిపించకుండానే ఫోన్ పరీక్షించుకోవచ్చు. అవి లేని ఫోన్ అయితే బ్యాకప్ తీసి రీసెట్ చేసి ఇవ్వండి. పాత ఫోన్ అమ్మేటప్పుడు ముందు గూగుల్ అకౌంట్ తీసేసి, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్, మెమరీ కార్డు తీసుకోండి. పీజీ ఖాళీ చేసే రోజు అడ్వాన్సుతో పాటు మీ ఆధార్ కాపీ కూడా అడగండి, వాట్సాప్‌లో ఉన్నది డిలీట్ చేయమనండి. ఇలా తొలగించమని అడిగే హక్కు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ హక్కు, సంస్థల మీది ముఖ్యమైన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వచ్చేలా పెట్టారు.

ఎనిమిదో అడుగు: జరగరానిది జరిగితే

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి. బెంగళూరులో సైబర్ నేరాలకు సీఈఎన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాల) పోలీస్ స్టేషన్లు ఉన్నాయి.

ఫొటోలతో బెదిరిస్తుంటే డబ్బు పంపకండి. ఒకసారి పంపితే అడగడం ఆగదు. చాట్, నంబరు, ప్రొఫైల్ లింకు, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే బ్లాక్ చేయండి. స్టాప్ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవలో ఫొటో మీ ఫోన్లోనే ఉంటుంది, దాని నుంచి తయారైన కోడ్ మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన వేదికలు ఆ కోడ్‌తో సరిపోలిన ఫొటో ఎక్కకుండా ఆపుతాయి. పద్దెనిమిదేళ్ల లోపువారికి టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది. మన ఐటీ నిబంధనల ప్రకారం కూడా ఇలాంటి ఫొటో మీద బాధితులు ఫిర్యాదు చేస్తే వేదిక 2 గంటలు దాటకుండా తీసేయాలి. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఇలాంటి నేరాలపై సైబర్ క్రైమ్ పోర్టల్లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ఆ రాత్రి గదిలో ఒంటరిగా ఉండకండి. రూమ్మేట్‌కో, అక్కకో, ఎవరో ఒకరికి చెప్పండి. తప్పు చేసింది బెదిరించినవాడు, మీరు కాదు. ఇంట్లో తిడతారన్న భయమే వాడి ఆయుధం. మీరే ముందు చెప్పేస్తే బెదిరించడానికి వాడి దగ్గర ఏమీ మిగలదు.

పాన్, ఆధార్ కాపీలు ఎవరి చేతిలోనైనా పడ్డాయన్న అనుమానం ఉంటే క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరు మీదున్న అప్పుల చిట్టా, తెప్పించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏటా ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకు ఒకదాన్ని అడిగితే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. మీరు తీసుకోని లోన్ అందులో కనిపిస్తే ఆ బ్యూరో వెబ్‌సైట్లోనూ, లోన్ ఇచ్చిన సంస్థకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, పోలీసు ఫిర్యాదు కాపీ జత చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం చెల్లించాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఫిర్యాదు చేసిన తేదీ, నంబరు జాగ్రత్తగా రాసిపెట్టుకోండి, ఆ 30 రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.